దొంగా దొంగా అని ముందు అరిచినవాళ్లు

పోయిన నెల మా బావతో ఫోన్‌లో గంటసేపు వాదన అయింది. పాతికేళ్లుగా అమెరికాలో ఉంటున్నాడు. లెక్కల మనిషి, దేన్నీ ఊరికే నమ్మే రకం కాదు. ఎక్కడో మొదలైన మాటలు 2020 అధ్యక్ష ఎన్నికల దగ్గరికి, ట్రంప్ గెలుపుని దొంగిలించారన్న మాట దగ్గరికి వచ్చాయి. "అరవైకి పైగా కేసులు వేసి దాదాపు అన్నీ ఓడిపోయారు కదా బావా, ట్రంప్ నియమించిన జడ్జిలు కూడా కొట్టేశారు కదా" అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "ఏమోరా, నిప్పు లేనిదే పొగ రాదు" అన్నాడు.

ఆ సామెతకి ఎదురు చెప్పడం కష్టం. అది ఆధారం అడగదు, పొగ కనిపిస్తే చాలంటుంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపటికి గుర్తొచ్చింది, పొగ గురించి మనకి ఇంకో సామెత కూడా ఉందని: పొమ్మనలేక పొగబెట్టినట్టు. ఒక్కోసారి పొగ దానంతటది రాదు. ఎవరినో బయటికి తోలాలనుకున్నవాడు పెడతాడు.

మితవాద (రైట్‌వింగ్) పాప్యులిస్టు రాజకీయాల్లో, అంటే అసలైన జనం తరఫున పెద్దల మీద పోరాడుతున్నామనే రాజకీయాల్లో, కుట్ర కథల చరిత్రని కొన్నేళ్లుగా తీరిక దొరికినప్పుడల్లా చదువుతున్నాను. మొదట్లో నా అభిప్రాయం అందరిలాంటిదే. చదువు లేక, భయం వేసి జనం నమ్ముతారు, అంతే అనుకునేవాణ్ణి. నిజానికి అలా అనుకునే హక్కు నాకు లేదు. కాలేజీ రోజుల్లో చంద్రుడి మీద దిగడం అంతా స్టూడియోలో తీసిన సినిమా అని ఒక ఏడాది పాటు గట్టిగా నమ్మాను, నలుగురికీ చెప్పాను. అందులో భయం ఏమీ లేదు. అందరికీ తెలియనిది నాకు తెలుసన్న సంతోషం ఉంది, అంతే. అందుకని నమ్మేవాళ్లని వెక్కిరించడం మానేశాను. చదివే కొద్దీ పొగ పెట్టేవాళ్ల మీదికి నా దృష్టి మళ్లింది.

వాళ్లలో ఒక విచిత్రం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. రహస్య సంఘాలు దేశాన్ని మింగేస్తున్నాయని అరిచేవాడు తనే ఒక రహస్య సంఘంలో ఉంటాడు. దేశద్రోహుల కాగితాలు దొరికాయనేవాడి సొరుగులో తను తయారు చేసిన కాగితం ఉంటుంది. మనవాళ్లు దీన్నే దొంగే దొంగా దొంగా అని అరవడం అంటారు. ఇది ఏదో అక్కడక్కడా కాకతాళీయంగా జరిగిందని నేను అనుకోవడం లేదు. ఆ అరుపులో ఒక అనుమతి దాగి ఉంది. వాళ్లు అంతకు తెగించారు కాబట్టి మనం ఏం చేసినా తప్పు లేదనే అనుమతి. బావకి ఫోన్‌లో చెప్పలేకపోయింది ఇదే. ఇక్కడ మొదటి నుంచీ చెబుతాను.

1776 మే 1న జర్మన్ రాజ్యమైన బవేరియాలోని ఇంగోల్‌స్టాట్‌లో ఆడమ్ వైస్‌హాప్ట్ అనే ప్రొఫెసర్ ఇల్యుమినాటి అనే రహస్య సంఘం పెట్టాడు. చర్చి పెత్తనం నచ్చని చదువుకున్నవాళ్ల గుంపు. పదేళ్లు తిరగకముందే బవేరియా పాలకుడు నిషేధిస్తే చెదిరిపోయింది. కథ అక్కడితో అయిపోవాల్సింది. కానీ 1789లో ఫ్రెంచి విప్లవం వచ్చింది. రాజు తల తెగింది, చర్చి ఆస్తులు పోయాయి. దేవుడు నిలబెట్టాడనుకున్న రాజ్యం ఖాళీ ఖజానాతో, రొట్టె దొరకని జనం కోపంతో కూలిపోయిందని ఒప్పుకోవడం ఆ రాజ్యాన్ని ప్రేమించినవాళ్లకి కష్టం. 1797లో ఇద్దరు, ఒకరు ఒగుస్తాం బారుయెల్ అనే ఫ్రెంచి మతగురువు, ఇంకొకరు జాన్ రాబిసన్ అనే స్కాట్లండ్ శాస్త్రవేత్త, ఎవరికి వారు ఒకే మాట రాశారు. విప్లవం జనం చేసింది కాదు, ఇల్యుమినాటి చేయించింది.

మరుసటి ఏడాదికే ఆ మాట అట్లాంటిక్ దాటింది. 1798 మే 9న బోస్టన్‌లో జెడిడయా మోర్స్ అనే పాస్టరు, ఇల్యుమినాటి అమెరికాలో కూడా దిగిందని ప్రసంగించాడు. ఆయన అప్పుడు అధికారంలో ఉన్న ఫెడరలిస్టు పార్టీ మనిషి, ఎదుటి పక్షమైన జెఫర్సన్ వర్గమంటే గిట్టదు. ఆధారం ఏదని అడిగితే మరుసటి ఏప్రిల్‌లో ఇంకో ప్రసంగం చేసి, సభ్యుల పేర్లు, వయసులు, పుట్టిన ఊళ్లు, వృత్తులతో సహా జాబితా తన దగ్గర ఉందన్నాడు. తీరా చూస్తే అది వర్జీనియాలో ఫ్రెంచివాళ్లు నడుపుకునే ఒక మామూలు మేసన్ లాడ్జి (ఫ్రీమేసన్లనే సంఘం శాఖ) జాబితా. ఈ "నా దగ్గర లిస్టుంది" అనే మాటని కాస్త గుర్తుపెట్టుకోండి. ఆ 1798 వేసవిలోనే ఫెడరలిస్టులు విదేశీయుల్ని దేశం నుంచి పంపేయడానికి, ప్రభుత్వాన్ని తిట్టే పత్రికలవాళ్లని జైల్లో పెట్టడానికి చట్టాలు చేశారు. పొగ ఎవరి కోసమో అప్పుడే తెలిసిపోయింది.

ఫెడరలిస్టులు పాప్యులిస్టులు కారు, ఆ మాట ఒప్పుకోవాలి. వాళ్లు పెద్దింటి మనుషులు, జనమంటే భయపడేవాళ్లు. కథ పైనుంచే మొదలైంది. దాన్ని వీధిలోకి తెచ్చింది తర్వాతి తరం.

ఆ తరంలో ముఖ్యుడు జెడిడయా కొడుకే. పేరు శామ్యూల్ మోర్స్. అవును, టెలిగ్రాఫ్ మోర్సే. చుక్కలు, గీతలతో సందేశాలు పంపే పని కనిపెట్టడానికి ముందు ఈయన 1834లో "బ్రూటస్" అనే మారుపేరుతో ఒక పత్రికలో వరసగా లేఖలు రాశాడు. ఆస్ట్రియా చక్రవర్తి, పోపు, జెసూయిట్లనే కాథలిక్ మతగురువుల సంఘం కలిసి కాథలిక్ వలసదారుల్ని ఓడల్లో పంపి అమెరికా స్వేచ్ఛని లోపలి నుంచి కూల్చబోతున్నారని వాటి సారాంశం. అమెరికాలో కాథలిక్ మిషన్ల కోసం చందాలు పోగుచేసే సంఘం ఒకటి వియన్నాలో నిజంగానే ఉండేది. అంటే నిప్పు కాస్త ఉంది, బావ మాటే నిజం. కానీ అది చలి కాచుకునే కుంపటి. దాన్ని చూపించి ఊరు తగలబడుతోందన్నారు. నిజంగా తగలబడింది మాత్రం అదే ఏడాది ఆగస్టులో బోస్టన్ పక్కనున్న చార్ల్స్‌టౌన్‌లో కాథలిక్ సన్యాసినుల మఠం. జనం గుంపుగా వెళ్లి అంటించారు.

నా లెక్కలో ఈ కథల అసలు ఆకారం శామ్యూల్ మోర్స్ దగ్గరే కుదిరింది. పైన ఒక శత్రువు, కింద ఒక శత్రువు, మధ్యలో నలిగిపోయే "అసలైన జనం". పైవాడు కనిపించడు, డబ్బున్నవాడు, దేశం లేనివాడు. కిందివాడు కళ్లముందే ఉంటాడు, పేదవాడు, వేరే మతం వాడు, వేరే మాట మాట్లాడేవాడు. పైవాడే కిందివాణ్ణి తోలుకొస్తున్నాడు. పోపు, ఐరిష్ కూలీ. ఆ తర్వాత బ్యాంకర్, యూదు శరణార్థి. ఇంకా తర్వాత సోరోస్ అనే అమెరికా కోటీశ్వరుడు, సిరియా నుంచి వచ్చిన కుటుంబం. వామపక్షంలో కుట్ర కథలు లేవా అంటే, ఎందుకు లేవు? 1953 జనవరిలో స్టాలిన్ ప్రభుత్వం, నాయకుల్ని చంపడానికి కుట్ర చేశారని డాక్టర్ల మీద, అందులో ఎక్కువమంది యూదులే, కేసు పెట్టింది. మార్చిలో స్టాలిన్ చనిపోయాక ఆ కేసు అబద్ధమని ఆ ప్రభుత్వమే ఒప్పుకుంది. కానీ పైనా కిందా ఇద్దరు శత్రువుల్ని ముడేసే ఈ పద్ధతి మాత్రం మితవాద పాప్యులిజం సొంత ముద్ర. పైవాణ్ణి తిడితే తిరుగుబాటు చేసినట్టుంటుంది, దెబ్బ మాత్రం కిందివాడికి తగులుతుంది.

ఐర్లండ్‌లో బంగాళాదుంప కరువు తర్వాత లక్షల మంది ఐరిష్ వాళ్లు అమెరికా వచ్చారు. వాళ్లకి ఎదురుగా నిలబడిన పార్టీ "నో నథింగ్స్". పోపు రహస్య సేనకి వ్యతిరేకంగా పుట్టిన ఈ పార్టీ మొదట ఏమిటనుకున్నారు? రహస్య సంఘమే. ప్రమాణాలు, సంకేత పదాలు, చేతి గుర్తులు అన్నీ ఉన్నాయి. ఎవరైనా అడిగితే "నాకేమీ తెలియదు" అనాలని నియమం, ఆ పేరు అలా వచ్చిందే. 1854లో మసాచుసెట్స్‌లో గవర్నర్ పదవితో పాటు శాసనసభని దాదాపు మొత్తంగా గెలిచారు. గెలిచి, మఠాల్లో ఏం అఘాయిత్యాలు జరుగుతున్నాయో తేల్చడానికి ఒక తనిఖీ కమిటీ వేశారు. మఠాల్లో ఏమీ దొరకలేదు. కమిటీ సభ్యుడు జోసెఫ్ హిస్ మాత్రం దొరికాడు. తనిఖీకని వెళ్లిన ఊళ్లో ఒక స్త్రీతో హోటల్లో ఉండి ఆ ఖర్చు ప్రభుత్వానికి రాయించాడని బయటపడి, సభ నుంచి బహిష్కరించారు. ఇదే శాసనసభ 1855లో బడుల్లో నల్ల పిల్లల్ని వేరుగా కూర్చోబెట్టడాన్ని నిషేధించింది కూడా. చరిత్ర మనకి కావలసినంత శుభ్రంగా ఉండదు.

ఫ్రాన్స్‌కి వద్దాం. 1894లో కెప్టెన్ ఆల్ఫ్రెడ్ డ్రైఫస్ అనే యూదు సైనికాధికారికి జర్మనీకి రహస్యాలు అమ్మాడని శిక్ష వేశారు. అసలు దోషి వేరేవాడని అనుమానం వచ్చేసరికి, సైనిక గూఢచారి శాఖలోని హెన్రీ అనే అధికారి డ్రైఫస్‌ని ఇరికించే ఉత్తరం ఒకటి సొంతంగా తయారు చేశాడు. 1898 ఆగస్టులో అది బయటపడింది, తప్పు ఒప్పుకుని మరునాడు జైల్లో గొంతు కోసుకున్నాడు. కథ ఇక్కడ ముగియాలి కదా? యూదు ద్వేషాన్ని పత్రికగా నడిపే ఎడువార్ ద్రుమోఁ హెన్రీ భార్య కోసం చందాలు మొదలుపెడితే లక్షా ముప్పై వేల ఫ్రాంకులకు పైగా వచ్చాయి. చార్ల్స్ మొరాస్ అనే యువ రచయిత ఆ ఫోర్జరీ దేశభక్తితో చేసిన పని అని పొగిడాడు. దొంగ ఉత్తరం దొంగదేనని ఒప్పుకుంటూనే పొగిడాడు, అదీ ఇక్కడి విశేషం. తర్వాత యాక్సియోఁ ఫ్రాన్సేజ్ అనే ఉద్యమానికి ఈ మొరాసే పెద్ద దిక్కయ్యాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ చేతిలో ఓడిన ఫ్రాన్స్‌ని ఏలిన విషీ ప్రభుత్వాన్ని వెనకేసుకొచ్చాడు. శత్రువుతో చేతులు కలిపాడని 1945 జనవరిలో కోర్టు యావజ్జీవ శిక్ష వేస్తే, "ఇది డ్రైఫస్ పగ" అని అరిచాడు. దేశద్రోహులున్నారని యాభై ఏళ్లు అరిచినవాడు, చివరికి దేశద్రోహ నేరం మీద బోనులో నిలబడి కూడా అదే అరిచాడు.

ఇక అన్నిటికంటే పెద్ద దొంగ కాగితం. 1903లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒక పత్రిక, యూదు పెద్దలు ప్రపంచాన్ని చేజిక్కించుకోవడానికి రహస్యంగా సమావేశమై చేసుకున్న తీర్మానాలంటూ ఒక పాఠం అచ్చేసింది. దాన్నే జియోన్ పెద్దల ప్రోటోకాల్స్ అంటారు. అచ్చేసిన క్రుషెవాన్ మామూలు మనిషి కాదు. అదే ఏడాది ఏప్రిల్‌లో రష్యా సామ్రాజ్యంలోని కిషినేవ్ అనే ఊళ్లో యూదుల ఊచకోతకి జనాన్ని ఎగదోసింది అతని ఇంకో పత్రికే. 1921లో లండన్ టైమ్స్ విలేకరి ఫిలిప్ గ్రేవ్స్ గుట్టు విప్పాడు. మోరిస్ జోలీ అనే ఫ్రెంచి లాయరు 1864లో మూడో నెపోలియన్‌ని ఎగతాళి చేస్తూ రాసిన పుస్తకంలోంచి పేజీలకి పేజీలు ఎత్తి రాశారు. ఆ పుస్తకంలో యూదుల ప్రస్తావనే లేదు. ఒక నియంతని వెక్కిరించే మాటల్ని తీసుకెళ్లి ఒక జాతి నోట్లో పెట్టారు.

అంతకుముందు ఏడాది ఇదే టైమ్స్, ఇది నిజమేనేమో విచారించాలని రాసింది. తప్పు తెలిశాక దిద్దుకుంది. అమెరికాలో హెన్రీ ఫోర్డ్ మాత్రం 1920 నుంచి తన పత్రికలో ఈ సరుకే వారం వారం వడ్డించి, దావా పడ్డాక 1927లో క్షమాపణ చెప్పాడు. అప్పటికి ఆ వ్యాసాలు పుస్తకంగా జర్మనీ చేరిపోయాయి. హిట్లర్ తన ఆత్మకథలో దీని గురించి వేసిన తర్కం చూస్తే ఇప్పటి ఫోన్ సందేశాలు గుర్తొస్తాయి: పెద్ద పత్రిక ఇది ఫోర్జరీ అని గోల పెడుతోందంటేనే ఇది అసలైనదని రుజువట.

జర్మనీ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే ఇక్కడ పొగ పెట్టిన మనిషి, పెట్టిన తేదీతో సహా దొరుకుతాడు.

1918 సెప్టెంబరు 29న జర్మనీ సైన్యాన్ని నడిపిస్తున్న జనరల్ లుడెన్‌డార్ఫ్, యుద్ధం ఓడిపోయాం, వెంటనే సంధి అడగండి అని చక్రవర్తి కైజర్‌కి చెప్పాడు. ఎవరూ ఆయన్ని బలవంతపెట్టలేదు, తొందరపెట్టింది ఆయనే. రెండు రోజుల తర్వాత తన అధికారులతో ఒక మాట అన్నాడు, అక్కడున్న ఒక అధికారి డైరీలో అది ఉంది. మనకి ఈ గతి పట్టించినవాళ్లనే ప్రభుత్వంలోకి తెమ్మని చెప్పాను, వాళ్లు వండిన పులుసు వాళ్లే తాగనీ అని. అంటే పార్లమెంటులోని పార్టీలవాళ్లు. నాలుగేళ్లు సైన్యాన్ని నడిపింది తను, సంతకం చేయాల్సింది వాళ్లు.

అలాగే జరిగింది. నవంబరు 11న ఫ్రాన్స్‌లోని కాంపియేన్ అడవిలో రైలు పెట్టెలో సంధి మీద సంతకం పెట్టింది కాథలిక్ సెంటర్ పార్టీ నాయకుడు మథియాస్ ఎర్జ్‌బెర్గర్. షరతులు తగ్గకపోయినా సరే సంతకం పెట్టమన్నది లుడెన్‌డార్ఫ్ పైఅధికారి, సైన్యాధిపతి మార్షల్ హిండెన్‌బర్గ్. ఏడాది తిరిగేసరికి, 1919 నవంబరు 18న, అదే హిండెన్‌బర్గ్ పార్లమెంటు విచారణ సంఘం ముందు నిలబడి, సైన్యం ఓడిపోలేదు, వెనక నుంచి పొడిచారు, ఈ మాట ఒక ఇంగ్లిష్ జనరలే అన్నాడని చదివాడు. ఆ మాట అన్న ఇంగ్లిష్ జనరల్ ఎవరూ తేలలేదు, పేరు వినిపించినవాళ్లు మేం అనలేదన్నారు. ఇళ్లలో చనిపోయిన కొడుకుల ఫోటోలున్న లక్షల మందికి ఆ మాట అందింది. వాళ్లని నేను తప్పు పట్టలేను. నీ బిడ్డ సేనానుల తప్పుడు లెక్క వల్ల పోయాడన్న మాట కంటే, ద్రోహుల వల్ల పోయాడన్న మాట భరించడం కొంచెం తేలిక. తప్పు పట్టాల్సింది, అసలు సంగతి తెలిసి ఆ మాట అన్నవాణ్ణి.

ఎర్జ్‌బెర్గర్‌ని 1921 ఆగస్టులో అడవి దారిలో నడుస్తుంటే కాల్చి చంపారు. 1922 జూన్ 24న విదేశాంగ మంత్రి వాల్టర్ రాటెనౌని కారులో వెళ్తుంటే చంపారు. ఆయన యూదుడు. ఐరోపా ఆర్థిక వ్యవహారాలు ఒకరికొకరు తెలిసిన మూడొందల మంది చేతుల్లో ఉన్నాయని 1909లో ఫిర్యాదుగా రాశాడు. హంతకుల తోటివాడు కోర్టులో, ఆ మూడొందల జియోన్ పెద్దల్లో రాటెనౌ ఒకడని చెప్పాడు. ఈ రెండు హత్యలూ ఒకే సంస్థ మనుషుల పని, ఆర్గనైజేషన్ కాన్సుల్ అనే రహస్య ముఠా. మాజీ సైనికాధికారులు, ప్రమాణాలు, ద్రోహం చేస్తే చావు. జర్మనీలో ఆ రోజుల్లో నిజంగా ఒక కుట్ర నడిచింది. అది కుట్రని పట్టుకుంటామన్నవాళ్లదే.

మళ్లీ అమెరికా. 1950 ఫిబ్రవరి 9న వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్‌లో సెనెటర్ జోసెఫ్ మెకార్తీ, విదేశాంగ శాఖలో పనిచేస్తున్న కమ్యూనిస్టుల జాబితా తన చేతిలో ఉందన్నాడు. ఎంతమంది? వీలింగ్‌లో 205 అన్నట్టు పత్రికల్లో వచ్చింది. ఒకటి రెండు రోజులకి 57. సెనేట్‌లో 81. జెడిడయా మోర్స్ దగ్గర కనీసం ఏదో ఒక లిస్టుంది.

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. సోవియట్ గూఢచారులు నిజంగానే ఉన్నారు. అణుబాంబు రహస్యాలు అందించిన క్లాస్ ఫుక్స్ ఆ వారం ముందే లండన్‌లో పట్టుబడ్డాడు. వాళ్లని పట్టుకున్నది సంకేత లిపిని విప్పే నిపుణులు, ఓపికగా ఫైళ్లు చూసే దర్యాప్తు అధికారులు. అంతకుముందు ఏడాది చైనా కమ్యూనిస్టుల చేతికి పోయింది. ఇంత పెద్ద దేశం తన సొంత కారణాలతో మారింది, అమెరికా ఇష్టాయిష్టాలతో కాదు అని చెప్పడం రాజకీయంగా పనికిరాదు. అమ్మేశారు అని చెప్పడం పనికొస్తుంది. 1951 జూన్‌లో మెకార్తీ, రెండో ప్రపంచ యుద్ధాన్ని నడిపిన జనరల్ జార్జ్ మార్షల్‌ని సైతం మానవ చరిత్రలో అంత పెద్దది లేదన్న కుట్రలో భాగం చేశాడు. 1954 డిసెంబరులో సెనేట్ 67–22 ఓట్లతో ఆయన్ని అభిశంసించింది. పక్కనే కూర్చుని చెవిలో సలహాలిచ్చిన కుర్ర లాయరు రాయ్ కోన్, 1973లో డొనాల్డ్ ట్రంప్ అనే కుర్ర వ్యాపారికి లాయరయ్యాడు. దీన్ని కుట్ర అనను. మనుషుల ద్వారా పద్ధతులు చేతులు మారతాయి, అంతే.

మెకార్తీ పోయినా కథ పోలేదు. 1958లో రాబర్ట్ వెల్చ్ అనే రిటైరైన మిఠాయి కంపెనీ యజమాని ఇండియానాపోలిస్‌లో జాన్ బర్చ్ సొసైటీ పెట్టాడు. అధ్యక్షుడు ఐజెన్‌హోవర్ తెలిసి తెలిసి కమ్యూనిస్టు కుట్రకి పనిచేస్తున్నాడని ఈయన రాశాడు. పళ్లు పుచ్చకుండా మంచినీళ్లలో ఫ్లోరైడ్ కలపడం కూడా కమ్యూనిస్టుల పనేనని ఆ వర్గాల్లో ప్రచారం. ఇంతా చేసి సొసైటీ నిర్మాణం ఎలా ఉందంటే, చిన్న చిన్న దళాలు, పైనుంచి ఒకే మనిషి ఆజ్ఞలు, వేరే పేర్లతో ముందు నిలబెట్టే సంఘాలు. కమ్యూనిస్టు పార్టీని చూసి అచ్చు దింపారు. 1962లో విలియం బక్లీ అనే సంప్రదాయవాద సంపాదకుడు వెల్చ్‌ని తన పత్రికలో ఏకిపారేశాడు. మితవాదం తన ఇంటిని తనే ఊడ్చుకున్న ఘట్టంగా దీన్ని చెప్పుకుంటారు. నేను అంత మురిసిపోను. బక్లీ నాయకుణ్ణి తిట్టాడు కానీ సభ్యుల్ని వదులుకోలేదు. వాళ్ల ఓట్లు, వాళ్ల చందాలు కావాలి.

ఇక్కడ బావ తరఫున ఒక మాట అడగాలి. ప్రభుత్వాలు నిజంగా కుట్రలు చెయ్యలేదా? చేశాయి. 1932 నుంచి 1972 వరకు అలబామాలోని టస్కీగీలో సిఫిలిస్ ఉన్న వందల మంది నల్ల మగవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య శాఖే మందివ్వకుండా ఏమవుతుందో చూస్తూ కూర్చుంది. ఎఫ్‌బీఐ మార్టిన్ లూథర్ కింగ్ ఫోన్లు విన్నది, ఆయనకి బెదిరింపు ఉత్తరం పంపింది. 1971 మార్చిలో కొందరు పౌరులు పెన్సిల్వేనియాలో ఎఫ్‌బీఐ ఆఫీసు తాళం పగలగొట్టి ఫైళ్లు తీసుకెళ్లి పత్రికలకి పంపబట్టి అలాంటి పనులు బయటికొచ్చాయి. ఇవి తెలిసినవాడు ప్రభుత్వాన్ని అనుమానిస్తే నేను తప్పనను. కానీ చూడండి, నిజమైన కుట్రకి ఒక ఊరుంటుంది, ఒక శాఖ ఉంటుంది, బడ్జెట్టు, సంతకం ఉంటాయి. బయటపడితే ఆగిపోతుంది. కల్పించిన కుట్ర అన్నిచోట్లా ఉంటుంది, ఎప్పటినుంచో ఉంటుంది, అబద్ధమని తేలితే ఇంకా బలపడుతుంది. ఇంకో తేడా కూడా ఉంది. నిజమైన కుట్రల్లో దెబ్బ తిన్నది ఎక్కువగా కిందివాళ్లు. కల్పించిన కథల్లో ఆ కిందివాళ్లే నిందితులు.

ఇటీవలి కాలానికి వస్తే, హంగరీ ఒక పాఠం. ఓడినవాడికి సాకు కావాలి, అర్థమైంది. గెలిచినవాడికి ఈ కథతో ఏం పని? 2010లో విక్టర్ ఓర్బాన్ మూడింట రెండు వంతుల సీట్లతో గెలిచాడు. ప్రతిపక్షం కుప్పకూలింది. తిట్టడానికి ఎదురుగా ఎవరూ లేకపోతే పాప్యులిస్టుకి ఇబ్బందే, అన్నీ నీ చేతిలో ఉన్నాయిగా, ఇంకా ఎందుకు కాలేదు అని జనం అడుగుతారు. ఆయనకి సలహాలిచ్చిన అమెరికన్ ప్రచార నిపుణులు ఆర్థర్ ఫింకెల్‌స్టైన్, జార్జ్ బర్న్‌బామ్ జార్జ్ సోరోస్‌ని ఎంచుకున్నారు. ఇది నా ఊహ కాదు, బర్న్‌బామ్ తర్వాత పత్రికలవాళ్లకి స్వయంగా చెప్పాడు. బుడాపెస్ట్‌లో పుట్టి, నాజీల నుంచి బతికి బయటపడి, అమెరికాలో కోట్లు గడించిన యూదుడు సోరోస్. 2017లో ఆయన నవ్వు ముఖంతో దేశమంతా పోస్టర్లు వేశారు, చివరి నవ్వు సోరోస్‌ది కానివ్వొద్దని. 2018లో శరణార్థులకి సాయం చేసేవాళ్ల మీద తెచ్చిన చట్టాలకి "స్టాప్ సోరోస్" అని పేరు పెట్టారు. 1989లో ఓర్బాన్ ఆక్స్‌ఫర్డ్‌కి చదువుకోవడానికి వెళ్లింది సోరోస్ ఫౌండేషన్ స్కాలర్‌షిప్ మీదే.

ఇదే కాలంలో ఫ్రెంచి రచయిత రెనో కమ్యూ "మహా భర్తీ" అనే మాట ప్రచారంలోకి తెచ్చాడు. ఐరోపా జనాన్ని తీసేసి వేరే జనాన్ని నింపుతున్నారని. వలస నిజం, జనాభా లెక్కలు మారడం నిజం, దాని మీద వాదించుకోవడం ఎవరి హక్కయినా. "నింపుతున్నారు" అనే క్రియలో దాక్కున్న కర్త ఒక్కడే అబద్ధం. ఆ కర్తని నమ్మినవాడు 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల్లో 51 మందిని చంపాడు. తన ప్రకటనకి ఆ మాటనే శీర్షికగా పెట్టాడు.

చివరికి మా గొడవ మొదలైన చోటికి వచ్చాం. ట్రంప్ 2016లో గెలిచినప్పుడు కూడా, మొత్తం ఓట్లలో దాదాపు 29 లక్షలు తక్కువ వచ్చాయి కాబట్టి, లక్షల మంది అక్రమంగా ఓటేశారన్నాడు. దానికొక కమిషన్ వేశాడు, 2018 జనవరిలో ఏమీ తేల్చకుండానే మూసేశాడు. మనమే జనం, జనమంటే మనమే అనుకున్నవాడికి ఓటమి అనేది అర్థం లేని మాట. జనం జనాన్ని ఎలా ఓడిస్తారు? కాబట్టి దొంగతనమే జరిగి ఉండాలి. 2020లో ఓడాక ఏమైందో అందరికీ తెలుసు. జార్జియాలో ఓట్లు చేత్తో మళ్లీ లెక్కపెట్టినా ఫలితం మారలేదు. ఆయన అటార్నీ జనరల్ విలియం బార్, ఫలితం మార్చేంత మోసం ఏదీ కనపడలేదన్నాడు. 2021 జనవరి 2న ట్రంప్ జార్జియా ఎన్నికల అధికారికి ఫోన్ చేసి, నాకు 11,780 ఓట్లు వెతికిపెట్టండి చాలన్నాడు. ఓడిపోయిన ఏడు రాష్ట్రాల్లో ఆయన పార్టీ మనుషులు తామే ఎన్నికైన ఎలక్టర్లమని, అంటే రాష్ట్రం తరఫున అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ప్రతినిధులమని, కాగితాల మీద సంతకాలు చేశారు. ఓట్లు దొంగిలించారన్న అరుపు ఒక పక్క, ఓట్లు వెతికిపెట్టమన్న ఫోన్ ఇంకో పక్క. ఆ ఫోన్ అయిన నాలుగు రోజుల తర్వాత క్యాపిటల్ అనే పార్లమెంటు భవనం మీద పడినవాళ్లలో చాలామంది ఆ అరుపుని మనసారా నమ్మినవాళ్లు. టీవీలో దాన్ని ప్రసారం చేసినవాళ్ల సంగతి వేరు. డొమినియన్ ఓటింగ్ యంత్రాల కంపెనీ వేసిన పరువు నష్టం దావాలో ఫాక్స్ న్యూస్ వ్యాఖ్యాతల ఫోన్ సందేశాలు బయటికొచ్చాయి. తెర మీద చెప్పించిన మాటల్ని తెర వెనక వాళ్లే పిచ్చి అనుకున్నారు. 2023 ఏప్రిల్‌లో 78 కోట్ల 75 లక్షల డాలర్లిచ్చి రాజీ పడ్డారు.

బ్రెజిల్‌లో అప్పటి అధ్యక్షుడు బొల్సొనారో ఇదే నాటకం వేశాడు. 2018లో తనని గెలిపించిన ఓటింగ్ యంత్రాలే 2022కి మోసపూరితం అయిపోయాయి. 2023 జనవరి 8న గుంపులు బ్రసీలియాలో పార్లమెంటు, సుప్రీంకోర్టు మీద పడ్డాయి. 2025 సెప్టెంబరులో అక్కడి సుప్రీంకోర్టు, ఓటమిని తిరగరాయడానికి సైనిక కుట్ర చేశాడని ఆయనకి 27 ఏళ్లకు పైగా శిక్ష వేసింది.

ఇదంతా బావకి ఫోన్‌లో చెబితే వినడని తెలుసు. అందుకే వేరే దారి పట్టాను. మొన్న వసంతంలో ఆయన కుటుంబమంతా వాషింగ్టన్ వెళ్లి, అక్కడి జార్జ్ వాషింగ్టన్ స్మారక స్తంభం ముందు దిగిన ఫోటో నాకు పంపాడు. ఆ ఫోటోలో స్తంభం మీద, మూడో వంతు ఎత్తు కంటే కాస్త కిందగా, ఎర్ర పెన్నుతో ఒక గుండ్రం గీసి తిరిగి పంపాను. అక్కడ రాయి రంగు మారుతుంది.

"ఏంట్రా ఇది?" అని ఫోన్ చేశాడు.

1848లో కట్టడం మొదలుపెట్టారు, రాష్ట్రాలు, దేశాలు తలా ఒక రాయి పంపాయి, పోపు తొమ్మిదో పయస్ కూడా రోమ్ నుంచి ఒక పాలరాయి పంపాడని చెప్పాను. పోపు కుట్రలో అదొక భాగమని నో నథింగ్స్ గోల చేశారు. 1854 మార్చిలో ఒక రాత్రి కొందరు వచ్చి, కాపలావాణ్ణి గదిలో బంధించి, ఆ రాయి ఎత్తుకుపోయారు. తర్వాతి ఏడాది స్తంభం కట్టే సంఘాన్నే నో నథింగ్స్ చేజిక్కించుకున్నారు. కాంగ్రెస్ డబ్బు ఆపేసింది. చందాలు రాలేదు. నూటయాభై అడుగుల దగ్గర మొండిగా పాతికేళ్లు నిలబడిపోయింది. అంతర్యుద్ధం అయ్యాక 1879లో మళ్లీ మొదలుపెడితే పాత గని రాయి దొరకలేదు, వేరే గనిది వాడారు. 555 అడుగులు పూర్తయ్యేసరికి 1884.

బావ చాలాసేపు ఏమీ అనలేదు. ఫోటో పెద్దది చేసి చూస్తున్నట్టున్నాడు.

"ఇంతకీ ఆ పోపు రాయి దొరికిందా?" అన్నాడు.

"లేదు బావా. పోటోమాక్ నదిలో పడేశారంటారు. 1982లో ఇంకోటి పంపితే లోపల పెట్టారు. మెట్ల పక్క గోడలో ఉంటుందట."

"మేం లిఫ్ట్‌లో వెళ్లాం" అన్నాడు.